గంట మోగాక

ఆ వానాకాలం నేను మా ఆయన్ని వదిలేసి వెళ్ళిపోవాలని నిర్ణయించుకున్నాను. కోపంలో తీసుకున్న నిర్ణయం కాదు. కోపాలు ఎప్పుడో అయిపోయాయి. ఇరవై రెండేళ్ళు ఒక మనిషితో మాట్లాడి, అందులో సగం మాటలకి జవాబే రాకపోతే చివరికి కోపానికి కూడా ఓపిక అయిపోతుంది. మాకు పిల్లల్లేరు. ఇల్లు అద్దెది. కట్టుకుపోవాల్సింది నా బట్టలే.

మా అక్క వేరే ఊళ్ళో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళకి హాస్టల్ నడుపుతోంది. బావ పోయాక ఒక్కతే చూసుకుంటోంది. "నాకు తోడుంటావు, నీకో గది ఉంటుంది. పిలిస్తే పలికేవాళ్ళు నలభై మంది ఉంటారు. వానలు తగ్గేలోపు తేల్చి చెప్పు, లేకపోతే ఇంకెవరినైనా పెట్టుకుంటాను" అంది. సరేనన్నాను. ఆయనకి మాత్రం చెప్పలేదు. ఆయనకి చెప్పడమూ గోడకి చెప్పడమూ ఒకటే అని నా లెక్క.

నాది నీళ్ళ ఆఫీసులో ఉద్యోగం. ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటాను. పొద్దున్నించి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరి జనం గోడంతా వింటాను. పైపు పగిలిందని ఒకరు, మురుగు వస్తోందని ఒకరు, అసలు నీళ్ళే రావడం లేదని ఇంకొకరు. అవతలివాళ్ళు ఎంత అరిచినా మేం గొంతు పెంచకూడదు. చేరిన కొత్తలో మాకు నేర్పింది అదొక్కటే. అలా ఊరందరికీ చెవులప్పగించి ఇంటికొస్తే, నా మాట వినే చెవులు మాత్రం ఇంట్లో ఉండవు. రక్తపోటు రాక ఏం చేస్తుంది? డాక్టరు మాత్రలు రాసి, మనసు కుదురుగా పెట్టుకోవడం కూడా నేర్చుకోమన్నాడు. అదెక్కడ నేర్పుతారో మా వీధి బ్యూటీ పార్లర్ ఆవిడ చెప్పింది. టైర్ల దుకాణం పైన బౌద్ధ కేంద్రం ఉంది, ఎనిమిది ఆదివారాలు ధ్యానం నేర్పుతారు, తనూ వస్తోంది.

మొదటి ఆదివారం వాన పడుతుంటే మా ఆయన స్కూటర్ మీద దింపాడు. నేను పైకి వెళ్తే తను మెట్ల మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు. నేర్పే ఆవిడ భిక్షుణి. గుండు, తేనెరంగు బట్టలు, అరవై దాటిన మనిషి. అందరూ అమ్మగారనే పిలుస్తారు. చెప్పులు విడిచే చోట ఆయన్ని చూసి, "మెట్ల మీద ఎందుకు? పైకొచ్చి కూర్చోండి. మేం చేసేదీ కూర్చోవడమేగా" అన్నారు. ఆయన కాసేపు నా మొహం చూసి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది. కనీసం ఇదొక్కటైనా నా ఒక్కదానిదిగా ఉంటుందనుకున్నాను.

హాల్లో పన్నెండు దిళ్ళు, కింద నుంచి రబ్బరు వాసన. "ఊపిరి వస్తోంది, పోతోంది. దాన్ని చూస్తూ ఉండండి. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసినప్పుడు వెనక్కి తెచ్చుకోండి. గంట కొట్టాక మెల్లిగా కళ్ళు తెరవండి. అందరూ తెరిచేదాకా ఎవరూ లేవొద్దు, మాట్లాడొద్దు" అన్నారావిడ. ఇంతేనా అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాక తెలిసింది. మొదటి ఊపిరికి మోకాలు పోటు. రెండో ఊపిరికి గ్యాస్ కట్టానా లేదా అని అనుమానం. మూడో ఊపిరికి హాస్టల్లో నాకిచ్చే గదికి కిటికీ ఉందో లేదో. నాలుగో ఊపిరి ఏమైపోయిందో నాకే తెలీదు.

అరగంటకి గంట మోగింది. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి గంట, టింగుమని సన్నగా మోగి చాలాసేపు గాలిలో నిలిచింది. అందరం కళ్ళు తెరిచాం. మా ఆయన తెరవలేదు.

నిద్రపోయాడేమో అనుకున్నాను. కానీ నిద్రపోయే మనిషి ఒరుగుతాడు కదా. ఈయన వెన్ను నిటారుగా పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ ముందు నిలబడ్డంత కుదురుగా ఉన్నాడు. ఐదు నిమిషాలయింది, పదయింది. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పావుగంటకి మా ఆయన కళ్ళు విప్పి, పదకొండు మంది తనకేసే చూస్తున్నారని తెలిసి ఉలిక్కిపడి, చొక్కా సర్దుకున్నాడు.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర తల వెనక్కి తిప్పి, "నేనేమైనా గురక పెట్టానా?" అన్నాడు.

"లేదే."

"మరి అందరూ అలా చూశారెందుకు?"

ఇంతలో దీపం మారింది, స్కూటర్ కదిలింది. "గంట కొట్టినా కళ్ళు తెరవలేదేం?" అని అడిగాను వెనక నుంచి. జవాబు లేదు. ఒకసారి అడిగి జవాబు రానిదాన్ని రెండోసారి అడగకూడదని నేను నియమం పెట్టుకుని పదేళ్ళు దాటింది. అడగలేదు.

రెండో ఆదివారమూ అంతే. మూడోదీ అంతే. గంట మోగడం, మేమందరం కళ్ళు తెరవడం, ఆయన అలాగే ఉండిపోవడం. ఒకసారి ఇరవై నిమిషాలు కూడా ఉన్నాడు. మొదట్లో గడియారం చూసుకున్నవాళ్ళే తర్వాత తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. దిళ్ళు ఒక్కొక్కటే ఆయన దగ్గరికి జరిగాయి. మెట్లు దిగుతుంటే హెడ్‌మాస్టారు ఎదురుగా నిలబడి దారికడ్డం పడి, "లోపల ఏమవుతుందండీ మీకు?" అని అడిగాడు. నలభై ఏళ్ళు పిల్లల్ని బెత్తంతో అడిగిన మనిషి చేతులు కట్టుకుని అడుగుతున్నాడు.

"ఏమీ అవ్వదు సార్. కూర్చుంటానంతే" అన్నాడు మా ఆయన.

హెడ్‌మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నాడు. ఒట్టు, నా కళ్ళారా చూశాను.

"నీ అదృష్టం అక్కా. అలాంటి మనిషి పక్కన ఉంటే ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో" అంది పార్లర్ ఆవిడ.

ఆ ప్రశాంతత ఎలా ఉంటుందో ఆ వారమే చూశాను. పొయ్యి మీద కుక్కర్ పెట్టి, ఆరేసిన బట్టలకి మేడ మీదకి పరిగెత్తబోతూ, "మూడు కూతలకి కట్టెయ్యండి" అని ఆయనకి చెప్పాను. సరేనన్నాడు. నేను తడిసి ముద్దై దిగేసరికి వాసన మెట్ల దాకా వచ్చింది. ఆయన వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. చదవడం మొదలుపెడితే ఇల్లు కాలినా తెలీదు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

కుక్కర్ కేసి చూసి, నాకేసి చూసి, "చూసుకోలేదు" అన్నాడు. మాడిన గిన్నె తనే తోమాడు. ఒక్క మాట మాట్లాడకుండా అరగంట తోమాడు.

నాకు తల తిరిగిపోతూండేది ఆ రోజుల్లో. నేను ఇన్నాళ్ళూ బండరాయి అనుకున్నదాన్ని చూసి పదిమంది చేతులు కట్టుకుంటున్నారు. వాళ్ళంతా వెర్రివాళ్ళా? హెడ్‌మాస్టారు వెర్రివాడు కాదు. మాతో కూర్చునే మందుల షాపాయన వెర్రివాడు కాదు. అంటే తప్పు నా దగ్గరే ఉందా? ఆ నిశ్శబ్దం అక్కడ గొప్పదైతే ఇంట్లో ఎందుకు కాదు? నేనే చాతకానిదాన్నా, అంత లోతైన మనిషి పక్కన ఇరవై రెండేళ్ళు కాపురం చేసి గిన్నె మాడిందని ఏడుస్తున్నానా? ధ్యానంలో కూర్చుంటే ఊపిరి మాట దేవుడెరుగు, ఇవే ప్రశ్నలు. మోకాళ్ళు మాత్రం కొంచెం అలవాటు పడ్డాయి. రక్తపోటు పది పెరిగింది.

అక్కకి ఫోన్లో చెప్పాను. "ఆయన అక్కడ మహానుభావుడట."

"అయితే అక్కడే ఉండమను. నువ్వు వచ్చెయ్" అంది అక్క. "వచ్చే నెల మొదటి వారానికల్లా చెప్పాలి మరి."

"చెప్తాను."

"ఇదే మాట రెండు నెలల నుంచి అంటున్నావు."

నిజమే. వెళ్ళిపోవడం తేలికనుకున్నదాన్ని, ఎవరిని వదిలి వెళ్తున్నానో తెలీకుండా ఎలా వెళ్ళడం అని ఆగిపోయాను. పనికిమాలిన మొగుణ్ణి వదిలితే ఒక రకం. మంచివాణ్ణి అర్థం చేసుకోలేక వదిలితే నా ముసలితనమంతా అదే కొరుకుతుంది.

ఏడో ఆదివారం గంట నాలుక ఊడిపోయింది. అమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, మూల నుంచి ఒక చెక్క పలకా సుత్తీ తెచ్చుకున్నారు. "ఇవాళ్టికి ఇదే" అన్నారు. కళ్ళు మూసుకున్నాం. అరగంటకి పలక మీద సుత్తి పడింది. ఠక్కుమని కాదు, దబ్బుమని మోగింది. కింద టైర్ల దుకాణంలో ఏదో పడ్డట్టు.

నేను కళ్ళు తెరిచేసరికి మా ఆయన అప్పటికే కళ్ళు తెరిచి కూర్చున్నాడు. అందరికంటే ముందు.

పక్కన ఎవరో నిట్టూర్చారు. హెడ్‌మాస్టారు మెట్ల మీద నా దగ్గరికొచ్చి, చావు పరామర్శలాగా గొంతు తగ్గించి, "ఇవాళ వారి మనసు బాగాలేదా అమ్మా?" అన్నాడు. నేనేం చెప్పానో గుర్తులేదు. చెప్పులు ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వేసుకుని కింద దాకా దిగాను.

ఇంటికి రాగానే ఆయన కిటికీ వైపు కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటున్నాడు. నేను వెనక నిలబడి తాళాల గుత్తి తీసి ఆయన కుడిచెవికి జానెడు దూరంలో గలగలలాడించాను. గోళ్ళు తీసుకుంటూనే ఉన్నాడు. ఎడమ చెవి దగ్గర ఇంకా గట్టిగా ఆడించాను. ఉహూఁ. అప్పుడు పిడికిలితో బల్ల మీద ఒక్కటి గుద్దాను. గిరుక్కున తిరిగాడు.

"ఏంటి, ఏమైంది?" అన్నాడు నా చేతిలో తాళాలు చూసి.

నేను ఎదురుగా కూర్చున్నాను. "అమ్మగారు చిన్న గంట కొట్టేవారు. మీకు వినపడేదా?"

"ఏ గంట?" అన్నాడు.

ఆరు వారాలు గంట మోగిందని ఆయనకి తెలీదు. గంట కొట్టాక కళ్ళు తెరవమని ఆవిడ మెల్లిగా చెప్పిందీ ఆయన చెవికి అందలేదు. ఆవిడ చేతిలో గంట ఉండగా చూశాడట, మెరుస్తుంటే పూజకేమో అనుకున్నాడట. కాళ్ళు తిమ్మిరెక్కి ఇక కూర్చోలేనప్పుడు కళ్ళు తెరిచేవాడట. తెరిస్తే అందరూ తననే చూస్తూండేవాళ్ళు. తనకే ఓపిక లేదనీ, తను కదిలి అందరి ధ్యానం చెడగొడుతున్నాననీ సిగ్గుపడి, ప్రతివారం ఇంకొంచెం సేపు బిగబట్టి కూర్చునేవాడట. "నాతో కావడం లేదు, మానేస్తానని చెబుదామనుకున్నా. నీ సరదా పాడవుతుందని ఊరుకున్నా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావని అడిగాడు. "ముప్పై ఏళ్ళుగా ఆ మెషీన్ హోరులో ఉన్నారు, చెవులు పోతున్నాయని ఒక్కనాడూ అనిపించలేదా?" అన్నాను.

ఆయన నెయిల్ కట్టర్ పక్కన పెట్టాడు. "ప్రెస్సులో అందరూ అరిచే మాట్లాడతారు కదా. అక్కడ బాగానే వినపడుతుంది. నువ్వే గొణుగుతావనుకున్నా. నాతో మాట్లాడ్డం ఇష్టం లేక నీలో నువ్వే అనుకుంటున్నావేమోనని."

ఇక చూడండి నా అవస్థ. ఇన్నాళ్ళూ ఈయన నన్ను లెక్కచెయ్యడం లేదని నేను కుమిలిపోతుంటే, నేనే తనని లెక్కచెయ్యడం లేదని ఈయన ఒక మూల కూర్చున్నాడు.

మర్నాటి నుంచి ఆఫీసులో నాకు ఇదే పని. ఎవరో పైపు పగిలిందంటారు, నేను రాసుకుంటాను, లోపల మాత్రం పాత రోజులన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకుంటాను. కుక్కర్ కూత వినపడలేదు, అది సరే. స్కూటర్ మీద అడిగినవి వినపడలేదు, అదీ సరే. కానీ మా అక్క కూతురి పెళ్ళికి రానని మొహం తిప్పుకున్నాడే, అది ఎదురుగా చెప్పిన మాటే. అది చెవుడు కాదు, మొండితనం. ఇలా విడదీసుకుంటూ పోతే కొన్ని ఇటు పడ్డాయి, కొన్ని అటు పడ్డాయి, సగానికి పైగా ఎటూ పడలేదు. వాటిలో ఒకటి దగ్గరే నా లెక్క ఆగిపోయింది.

పదమూడేళ్ళ కిందట నాకు గర్భసంచి తీసేశారు. ఇక పిల్లలు పుట్టరు అని తేలిపోయిన ఆపరేషన్ అది. ముందు రోజు సాయంత్రం ఆయన నాకు వీపు పెట్టి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను మంచం మీద కూర్చుని, "నాకు భయమేస్తోంది" అన్నాను. ఆయన తిరగలేదు. ఇస్త్రీపెట్టె కదులుతూనే ఉంది. నేను మళ్ళీ అనలేదు. ఒకసారి అడిగి జవాబు రానిదాన్ని రెండోసారి అడగకూడదన్న నియమం ఆ సాయంత్రం పెట్టుకున్నదే. నిజం చెప్పాలంటే, వెళ్ళిపోవాలన్న ఆలోచన కూడా అక్కణ్ణుంచే వచ్చింది. అది గనక వినపడకపోయి ఉంటే, నేను పదమూడేళ్ళుగా ఏ తప్పూ చెయ్యని మనిషి మీద పగబట్టి బతికానన్నమాట. వినపడి ఉంటే... ఆ పక్కకి ఆలోచించడం నాకిష్టం లేకపోయింది. వినపడలేదు అని ఆయన నోటితో అనిపించుకోవాలనిపించింది. అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

ఎనిమిదో ఆదివారం ఆయనే లేచి నిలబడి, "నాకు గంట వినపడలేదండీ. అంతకుమించి ఏమీ లేదు. క్షమించండి" అని అందరి ముందూ చెప్పేశాడు. ఉన్న ఒక్క గౌరవాన్నీ తన చేత్తో తీసి పక్కన పెట్టేశాడు. హెడ్‌మాస్టారు మాత్రం తల పంకించి, "ఎంత వినయం" అన్నాడు. అమ్మగారు ఫక్కున నవ్వారు. ఎనిమిది వారాల్లో ఆవిడ నవ్వగా చూడడం అదే. వెళ్ళేటప్పుడు నన్ను పిలిచి, "చెవుల డాక్టరుకి చూపించండి. అంతంత సేపు కూర్చున్నారు, మోకాళ్ళు కూడా చూపించండి" అన్నారు.

ఆ బుధవారం సెలవు పెట్టి తీసుకెళ్ళాను. ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. నేను బయట నుంచి చూస్తున్నాను. పరీక్ష చేసే అమ్మాయి మీట నొక్కడం, ఆయన వేలెత్తడం. కాసేపటికి అమ్మాయి నొక్కుతూనే ఉంది, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ధ్యాన కేంద్రంలో ఎలా ఉండేవాడో అచ్చం అలాగే కూర్చున్నాడు. వచ్చే చప్పుడు కోసం కళ్ళు మూసుకుని అంత శ్రద్ధగా ఎదురుచూస్తున్నాడు. అమ్మాయి ఇంకా నొక్కుతోంది.

డాక్టరు కాగితం మీద గీతలు చూపించాడు. సన్నటి శబ్దాలు పోయాయి, వెనక నుంచి మెల్లిగా మాట్లాడితే అందదు, చెవికి మిషన్ పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. "ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదమ్మా. పదిహేనేళ్ళయినా అయ్యుండాలి" అన్నాడు.

పదిహేనేళ్ళు. నా ఆపరేషన్ అందులోకి వచ్చేసింది. నా గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఇంక అడగక్కర్లేదు కూడా. కాగితమే చెప్పేసింది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మందుల చీటీ కోసం పిలుస్తారన్నారు. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. లేచి ఆయన ఎదురుగా నిలబడి, ఆఫీసు ఫోన్లో వాడే మెత్తటి గొంతు కాకుండా మామూలు గొంతుతో, "నా ఆపరేషన్ ముందు రోజు మీరు ఇస్త్రీ చేసుకుంటుంటే నేనో మాట అన్నాను. మీకు వినపడి ఉండదు కదా?" అన్నాను.

ఆయన చేతిలో ఆ కాగితం ఉంది. ఊహూఁ అంటే చాలు. నేనే నోటికి అందించాను కూడా.

"భయమేస్తోందన్నావు" అన్నాడు.

వరండాలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. మమ్మల్ని కాదు.

"మరి తిరగలేదేం?"

"నాకూ వేసింది. తిరిగితే నీకు తెలిసిపోతుందని." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఆ చొక్కా చెయ్యి మాడిపోయింది. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చేలోపు పారేశాను."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, పదమూడేళ్ళుగా రానిదంతా ఒక్కసారే వచ్చింది. ఆ వరండాలోనే, నలుగురూ చూస్తుంటే, ఆ మాట అప్పుడే అనొచ్చు కదా అని మొదలుపెట్టి, పెళ్ళికి రాకపోవడం దగ్గర నుంచి అన్నీ అడిగాను. ఎదురుగా నిలబడి అడిగాను. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. కొన్ని జవాబులు అస్సలు బాగాలేవు. చీటీ కోసం పిలిచారట, మేమిద్దరం వినలేదు.

మర్నాడు అక్కకి ఫోన్ చేసి రావడం లేదన్నాను.

"ఏం, మారాడా?" అంది.

"లేదు."

"అయితే అదంతా చెవుడేనా, పాపం?"

"అన్నీ కాదు."

"మరెందుకే ఉండిపోవడం?"

ఎందుకో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. వినపడలేదు అని ఉంటే అడగాల్సిందేమీ మిగలక, జాలిపడి, ఆయనకో మిషన్ కొనిపెట్టి, నిశ్చింతగా బట్టలు సర్దుకుని ఉండేదాన్ని.

"పదమూడేళ్ళ పోట్లాట అక్కా. నిన్ననే మొదలైంది. మధ్యలో వదిలేసి ఎలా రాను?" అన్నాను.